చేత్తో చేసిన సరుకు, సంత ఆశీలు

మాన్యుఫ్యాక్చర్ అన్న మాటకి లాటిన్ మూలం చూస్తే "చేత్తో చేయడం" అని వస్తుంది. మానుస్ అంటే చెయ్యి. కానీ ఇప్పుడు ఆ మాట వింటే మనకి గుర్తొచ్చేది ఫ్యాక్టరీ. చేత్తో చేసినదాని గురించి చెప్పాలంటే "హ్యాండ్‌మేడ్" అని ఇంకో మాట తెచ్చుకోవాల్సొచ్చింది. సెల్ ఫోన్ వచ్చాక ఇంట్లో ఉన్న మామూలు ఫోన్‌కి ల్యాండ్‌లైన్ అని పేరు పెట్టుకున్నట్టన్నమాట. మరమగ్గం రాకముందు మగ్గం అంటే మగ్గమే. అది వచ్చాకే "చేతిమగ్గం" అనాల్సిన అవసరం పడింది.

అంటే "చేత్తో చేసినది" అనేది వస్తువు పేరు కాదు, ఒక ముద్ర. ముద్ర అన్నాక ఎవరో ఒకరు వెయ్యాలి, ఎవరో ఒకరు కాపలా కాయాలి. ఆ కాపలా కాసేవాడి చేతిలో, ఆ ముద్ర మీదే బతికే చిన్న కొట్టువాళ్ళ రోజువారీ జీవితం ఏమవుతుందన్నదే నేను చెప్పాలనుకున్న విషయం. దీనికి ఎట్సీ చరిత్ర కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎట్సీ మనలాంటి వాళ్ళకి వేరే దారిలో తెలుసు. మనలో చాలామంది వాడిన స్టాట్స్‌డి 2011లో ఎట్సీ ఇంజినీర్లు బయటికి వదిలిందే. రోజుకి యాభైసార్లు ప్రొడక్షన్‌లోకి డిప్లాయ్ చెయ్యడం, ఏదైనా కూలిపోతే మనుషుల్ని తిట్టకుండా పోస్ట్‌మార్టమ్ రాసుకోవడం లాంటివి మీటింగుల్లో ఎవరో ఒకరు ఎట్సీ పేరు చెప్పే మొదలుపెడతారు. వాళ్ళ ఇంజినీరింగ్ బ్లాగు పేరు "కోడ్ యాజ్ క్రాఫ్ట్". కోడు రాయడం కూడా చేతిపనే అని వాళ్ళ భావం. వినడానికి బానే ఉంది. మరి ఆ కోడు మీద ఆధారపడ్డ అసలు చేతిపనివాళ్ళ సంగతేంటి?

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఫ్యాక్టరీ సరుకు మీద విసుగెత్తి, వస్తువుని తయారుచేసే మనిషికి ఆ పనిలో ఆనందం ఉండాలని వాదించిన వాళ్ళలో విలియం మారిస్ ముఖ్యుడు. 1861లో స్నేహితులతో కలిసి కంపెనీ పెట్టాడు. 1877లో లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో కొట్టు తెరిచాడు. నీలిమందు అద్దకాలు స్వయంగా నేర్చుకున్నాడు. అంతా బాగుంది కానీ చేత్తో చేస్తే ఖర్చెక్కువ, ఖర్చెక్కువైతే కొనేది డబ్బున్నవాళ్ళే. 1883కల్లా సోషలిస్టు అయిపోయిన మనిషి జీవితాంతం శ్రీమంతుల ఇళ్ళకి గోడ కాగితాలూ కర్టెన్లూ అమ్మాడు. ఈ చిక్కుముడిని ఆయన విప్పలేకపోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరూ కూడా పూర్తిగా విప్పలేదు.

మన దేశంలో దీనికి వేరే దారి పట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు పెట్టి, కమలాదేవి ఛటోపాధ్యాయని దాని పెద్దని చేశారు. ఎంపోరియంలు వచ్చాయి. చిన్నప్పటినుంచీ మనం చూసిన లేపాక్షి ఆ కోవలోదే. అక్కడ కొట్టు ప్రభుత్వానిది, సరుకు చేతిపనివాడిది. చేసినవాడికి కొన్నవాడి మొహం తెలీదు, కొన్నవాడికి చేసినవాడి పేరు తెలీదు.

2005 జూన్‌లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో మొదలైన ఎట్సీ సరిగ్గా ఇదే లోటు తీరుస్తానంది. రాబ్ కేలిన్ అనే పాతికేళ్ళ కుర్రాడు వడ్రంగం చేసేవాడు. తను చేసిన సరుకు అమ్ముకోడానికి ఇంటర్నెట్‌లో సరైన చోటు కనపడక, క్రిస్ మగ్వైర్, హైమ్ షాపిక్ అనే స్నేహితులతో కలిసి సైటు కట్టాడు. ఈబే అప్పటికే పదేళ్ళ నుంచీ ఉంది. కాకపోతే ఈబేలో చేత్తో అల్లిన టోపీ పక్కనే ఫ్యాక్టరీ టోపీ అందులో పదోవంతు ధరకి కూర్చుని ఉంటుంది. ఎట్సీ పెట్టిన నిబంధన చాలా తేలిక: నువ్వు చేసిందే నువ్వు అమ్మాలి. మినహాయింపులు రెండే. ఇరవయ్యేళ్ళు దాటిన పాత వస్తువులు, చేతిపనికి కావలసిన ముడిసరుకు.

మన సంతలో ఆశీలు ఉంటుంది కదా, ఇక్కడా అంతే. మొదట్లో కాస్త అటూ ఇటూ అయినా, కొద్దికాలానికే రేటు స్థిరపడింది. ఒక వస్తువు నాలుగు నెలలపాటు పెట్టుకోడానికి 20 సెంట్లు, అమ్ముడైతే ధరలో 3.5 శాతం. ఈ 3.5 శాతం రేటు 2018 దాకా మారలేదు.

ఆ తొలి రోజుల్లో ఒక కొట్టు యజమాని దినచర్య ఎలా ఉండేదో ఊహించుకోండి. యజమాని అంటే ఎక్కువగా యజమానురాలే. 2015లో కంపెనీ షేరు మార్కెట్టుకి ఇచ్చిన లెక్కల ప్రకారం అమ్మేవాళ్ళలో 86 శాతం ఆడవాళ్ళు. కిటికీ పక్కన వెలుతురులో వస్తువు పెట్టి ఫోటోలు తియ్యాలి. దాని గురించి నాలుగు మాటలు రాయాలి. "నా సైజుకి చేసిస్తారా?", "నీలం రంగులో దొరుకుతుందా?" అని అడిగేవాళ్ళకి జవాబులివ్వాలి. అట్టపెట్టెలు, టేపు, పోస్టాఫీసులో క్యూ. ఇవన్నీ అయ్యాక మిగిలిన టైములో అసలు పని, అంటే అల్లడమో కుట్టడమో చెక్కడమో.

ఇంకో పని కూడా ఉండేది. అప్పట్లో ఎట్సీలో ఏదైనా వెతికితే, అందరికంటే కొత్తగా పెట్టిన వస్తువు అందరికంటే పైన కనపడేది. మన భాషలో చెప్పాలంటే స్టాక్ అన్నమాట, చివర వచ్చినవాడిదే మొదటి స్థానం. ఇంకో 20 సెంట్లు కట్టి లిస్టింగుని రెన్యూ చేస్తే అది మళ్ళీ పైకొస్తుంది. దాంతో అమ్మేవాళ్ళు ఏ పూట కొనేవాళ్ళు ఎక్కువగా సైటులో ఉంటారో లెక్కలేసుకుని, ఆ టైముకి రెన్యూ నొక్కేవాళ్ళు. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది గానీ ఆ పద్ధతిలో ఒక మంచి గుణం ఉంది: అది అందరికీ అర్థమయ్యేది. కొట్టు ఎందుకు నడవట్లేదంటే కారణం కళ్ళముందు కనపడేది.

2011 ఆగస్టులో ఆ వరస మార్చేశారు. కొత్తదనం బదులు "రెలవెన్సీ". వెతికేవాడి వైపు నుంచి చూస్తే ఇది నూటికి నూరుపాళ్ళూ సరైన నిర్ణయం. ఇంజినీరుగా నేనైనా అదే చేసేవాణ్ణి. లక్షల వస్తువులున్న చోట తేదీ ప్రకారం పేర్చడం అర్థం లేని పని. కానీ కొట్టువైపు నుంచి చూడండి. నిన్నటిదాకా రోజుకి నాలుగు ఆర్డర్లు వచ్చిన మనిషికి ఇవాళ ఒక్కటీ రాలేదు. ఎందుకో చెప్పేవాళ్ళు లేరు. సరుకు మారలేదు, ధర మారలేదు. ఎక్కడో ఎవరో డిప్లాయ్ చేశారు, అంతే. ఆ తర్వాత నుంచే "ఊలు టోపీ" అని ఉండాల్సిన పేర్లు "బేబీ క్యాప్ ఉలెన్ క్యాప్ న్యూబార్న్ గిఫ్ట్ వింటర్ హ్యాట్" అని గొలుసుల్లా తయారయ్యాయి. పేరు మనిషి కోసం కాకుండా ఇండెక్సు కోసం రాయడం మొదలైంది.

ఆ రోజుల్లో ఎట్సీ వాళ్ళు "క్విట్ యువర్ డే జాబ్" అనే శీర్షిక నడిపేవాళ్ళు. ఉద్యోగం మానేసి చేతిపని మీదే బతుకుతున్న కొట్టువాళ్ళ ఇంటర్వ్యూలు. ఎలా మొదలుపెట్టారు, స్ఫూర్తి ఎక్కడిది, రోజు ఎలా గడుస్తుంది, ఇలాంటి ప్రశ్నలు. క్యూబికల్‌లో కూర్చుని అలాంటివి చదివి నిట్టూర్చని సాఫ్ట్‌వేర్ మనిషి ఉంటాడా? :) అందులో అబద్ధమేం లేదు, వాళ్ళు నిజంగానే బతికారు. చదివినవాడు చేసుకోని లెక్క మాత్రం ఒకటుంది.

చెయ్యికి రోజుకి 24 గంటలే ఉన్నాయి. ఒక స్కార్ఫు అల్లడానికి ఐదు గంటలు పడితే, ఎంత పేరొచ్చినా రోజుకి రెండు. పేరు పెరిగేకొద్దీ ఆర్డర్లు పెరుగుతాయి, చెయ్యి మాత్రం పెరగదు. మనం సర్వరు చాలకపోతే ఇంకోటి పెడతాం. ఇక్కడ అది కుదరదు. అప్పుడు ఆవిడ ముందున్న దారులు మూడు. ధర పెంచడం, అంటే మారిస్ దారి. ఆర్డర్లు వద్దనడం. లేదా ఇంకెవరిచేతనో చేయించడం. మూడోది చేస్తే ఎట్సీ నిబంధన ఒప్పుకోదు. ఎట్సీకేమో ఆవిడ ఎంత ఎక్కువ అమ్మితే అంత ఆశీలు. నిబంధన ఒకవైపు, రాబడి ఒకవైపు లాగుతుంటే చివరికి ఏది గెలుస్తుందో చెప్పడానికి పెద్ద ఆర్థికవేత్త అక్కర్లేదు.

2012లో ఒక గొడవ జరిగింది. ఎట్సీ తన సైటులో ప్రత్యేకంగా పరిచయం చేసిన ఒక ఫర్నిచర్ కొట్టు, అమ్మేది తను చేసింది కాదనీ, బాలి నుంచి దిగుమతి చేసుకుంటోందనీ ఎట్సీని నిత్యం ఎగతాళి చేసే రెగ్రెట్సీ అనే సైటు బయటపెట్టింది. దాని మీద చిన్న అమ్మకందార్లు మండిపడ్డారు. అప్పటికి ఎట్సీ సీఈఓ చాడ్ డికర్సన్. అంతకుముందు అక్కడే సీటీఓ, మనం మెచ్చుకునే ఆ ఇంజినీరింగ్ సంస్కృతి వెనకున్న మనిషి. 2013 అక్టోబరులో ఎట్సీ నిబంధనలు తిరగరాసింది. ఇకమీదట అమ్మేవాళ్ళు పనివాళ్ళని పెట్టుకోవచ్చు. బయట తయారీదారుల చేత కూడా చేయించుకోవచ్చు, ఎట్సీకి చెప్పి అనుమతి తీసుకుంటే చాలు. డిజైను నీదైతే అది చేత్తో చేసిన కిందే లెక్క.

ఇక్కడ ఒక పక్షానే మాట్లాడటం అన్యాయం. ఇద్దరు పిల్లలున్న ఒకావిడ పక్కింటావిడని కుట్టుపనికి పెట్టుకుంటే అది మోసమా? కుమ్మరి తన కుండని వేరేవాడి ఆవంలో కాల్పిస్తే అది చేత్తో చేసింది కాకుండా పోతుందా? మన కొండపల్లి బొమ్మే తీసుకోండి. తెల్ల పొణికి చెక్క చెక్కేవాళ్ళు, చింతగింజల జిగురుతో కాళ్ళూ చేతులూ అతికేవాళ్ళు, రంగులేసేవాళ్ళు, అంతా ఇంటిల్లిపాదీ చేసే పని. "ఒక్క మనిషే మొదట్నుంచి చివరిదాకా చేయాలి" అన్నది చేతివృత్తుల చరిత్రలో ఎప్పుడూ లేని నియమం. ఆ రకంగా చూస్తే 2013 మార్పు సమంజసమే.

సమస్య నిబంధన సడలించడంలో లేదు. గీత ఎక్కడ గియ్యాలో నిర్ణయించేవాడికి, ఆ గీత ఎంత దూరంగా గీస్తే అంత లాభం. అక్కడుంది అసలు తిరకాసు.

2015 ఏప్రిల్‌లో ఎట్సీ షేర్లు నాస్‌డాక్‌కి వెళ్ళాయి. 16 డాలర్ల షేరు మొదటి రోజే 30 దగ్గర ముగిసింది. అప్పటికి 14 లక్షల అమ్మకందార్లు, అంతకుముందు ఏడాదిలో 193 కోట్ల డాలర్ల అమ్మకాలు. అదే ఏడాది అక్టోబరులో అమెజాన్ కూడా హ్యాండ్‌మేడ్ కొట్టు తెరిచింది. షేరు పడుతూ వచ్చింది. 2017 మేలో పెట్టుబడిదారుల ఒత్తిడి మధ్య డికర్సన్‌ని తప్పించి జోష్ సిల్వర్‌మన్‌ని తెచ్చారు. ఆ ఏడాదిలోనే ఐదోవంతు పైగా ఉద్యోగుల్ని తీసేశారు. సామాజిక బాధ్యతకి గుర్తుగా 2012 నుంచీ ఉంచుకున్న బీ కార్ప్ సర్టిఫికెట్టుని కూడా ఆ ఏడాదే వదిలేసుకున్నారు.

ఆ తర్వాత ఆశీలు కథ చకచకా నడిచింది. 2018 జులైలో 3.5 శాతం కాస్తా 5 అయ్యింది, పైగా పోస్టేజీ మీద కూడా. 2019లో అమెరికాలో 35 డాలర్లు దాటిన ఆర్డర్లకి పోస్టేజీ ఉచితంగా ఇచ్చే కొట్లని వెతుకులాటలో ముందు చూపిస్తామన్నారు. 2020లో బయటి ప్రకటనలు వచ్చాయి. గూగుల్లోనో ఫేస్‌బుక్‌లోనో ఎట్సీ వేసిన ప్రకటన నొక్కి వచ్చి ఎవరైనా కొంటే అందులో 15 శాతం ఎట్సీకి కట్టాలి. ఏడాదికి 10 వేల డాలర్లు దాటిన కొట్లకి 12 శాతమే, కానీ వాళ్ళకి వద్దనే హక్కు లేదు. 2022 ఏప్రిల్‌లో 5 శాతం 6.5 అయ్యింది.

లెక్క వేద్దాం. 30 డాలర్ల వస్తువు, 5 డాలర్ల పోస్టేజీ అనుకోండి. 3.5 శాతం రోజుల్లో ఎట్సీ ఆశీలు, లిస్టింగు 20 సెంట్లు, కార్డు ఖర్చులు కలిపి సుమారు 2 డాలర్ల 55 సెంట్లు. 2022 తర్వాత అదే వస్తువుకి 3 డాలర్ల 78 సెంట్లు. ప్రకటన ద్వారా 15 శాతం కింద అమ్ముడైతే 9 డాలర్ల 3 సెంట్లు. కొన్నవాడిచ్చిన 35లో పోస్టేజీ, ఇవీ పోగా 21 డాలర్లు కూడా మిగలవు. అందులోంచే ఊలు, అట్టపెట్టె, ఐదు గంటల చేతిపని.

మధ్యలో కోవిడ్ వచ్చింది. 2020 ఏప్రిల్ ఒక్క నెలలోనే ఎట్సీలో కోటికి పైగా మాస్కులు అమ్ముడయ్యాయి. ఫ్యాక్టరీలు అందివ్వలేని టైములో ఇళ్ళలో కుట్టుమిషన్ల ముందు కూర్చున్నవాళ్ళు అందించారు. కంపెనీ మొత్తం అమ్మకాలు 2019లో సుమారు 500 కోట్ల డాలర్లుంటే 2021లో 1350 కోట్లు. రికార్డు లాభాల ఫలితాలు ప్రకటించిన 2022 ఫిబ్రవరిలోనే ఆశీలు 6.5కి పెంచుతున్నట్టు ఉత్తరం వచ్చింది. దీన్ని మింగడం కష్టమైంది.

2022 ఏప్రిల్ 11 నుంచి 18 దాకా వేలమంది అమ్మకందార్లు కొట్లకి తాళం వేశారు. తాళం అంటే "వెకేషన్ మోడ్" అనే బటన్. సమ్మె చేసేవాడు సెలవుమీద ఉన్నట్టు నొక్కాల్సి రావడం ఎంత విడ్డూరమో చూడండి. పెంపు రద్దు చేయాలి, కొని తెచ్చి అమ్మేవాళ్ళని ఏరెయ్యాలి, బయటి ప్రకటనలు వద్దనే హక్కు అందరికీ ఇవ్వాలి అన్నవి వాళ్ళ ముఖ్యమైన కోరికలు. 2021లో వచ్చిన "స్టార్ సెల్లర్" బిళ్ళ కూడా వద్దన్నారు. అప్పట్లో 24 గంటల్లో జవాబులు, టైముకి సరుకు పంపడం, ఐదు నక్షత్రాల రేటింగులు, అన్నింట్లో 95 శాతం. మన ఎస్ఎల్ఏ లాంటిదే, కాకపోతే ఒంటరిగా అల్లుకునే మనిషికి. పిల్లాడికి జ్వరమొస్తే ఆన్‌కాల్ మార్చుకోడానికి ఇంకో టీమ్‌మేట్ ఉండడు.

పెంపు ఆగలేదు. సమ్మెలోంచి అమ్మకందార్ల గిల్డు ఒకటి పుట్టింది, అందులోంచి 2023లో ఒక సహకార సంతా వచ్చింది. ఎట్సీతో పోలిస్తే అది చీమంత. 2024 జులైలో ఎట్సీ కొత్త ముద్రలు తెచ్చింది: ఫలానావారు చేసినది, ఫలానావారు డిజైను చేసినది, సేకరించినది, ఎంచినది అని. కృత్రిమ మేధతో గీయించిన బొమ్మ కూడా, ఆ సంగతి చెప్తే, "డిజైను చేసినది" కింద చెల్లుతుంది. నా మటుకు ఇది కొంత నిజాయితీ. ఒకే ముద్ర కింద అన్నీ దాచడం కంటే నాలుగు ముద్రలు నయం. కాకపోతే 2005లో ప్రవేశానికి అర్హతగా ఉన్న మాట, ఇప్పుడు నాలుగు డ్రాప్‌డౌన్ ఎంపికల్లో ఒకటైంది.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనుకోవచ్చు. మన నేత ఊళ్ళలో ఇది పాత కథే. మాస్టర్ వీవర్ నూలిస్తాడు, డిజైనిస్తాడు, నేతగాడు తన ఇంట్లో తన మగ్గం మీద కూలికి నేస్తాడు. మగ్గం ఉంది గానీ సంత లేదు. సహకార సంఘాలు పుట్టింది అందుకే. వాటి రోగాలు వాటికున్నాయి, కానీ సభ్యుడికి కనీసం నిలదీయడానికి ఒక సర్వసభ్య సమావేశం ఉంటుంది. పల్లెటూరి సంతలో కూడా ఆశీలు పాట పాడుకున్నవాడు మరీ ఎక్కువ గుంజితే, పంచాయతీ ఆఫీసుకెళ్ళి అరవొచ్చు. మాదాపూర్‌లో ఒకపక్క శిల్పారామం, ఇంకోపక్క సైబర్ టవర్స్. ఆ స్టాళ్ళలో కూర్చున్నవాళ్ళని మనం అడిగేది "మీరే చేశారా?" అని. వాళ్ళు మనల్ని అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది: "మా సరుకు ఎన్నో పేజీలో రావాలో నిర్ణయించేది మీరేనా?"

ఎట్సీ చెడ్డదని నేను అనట్లేదు. అది లేకపోతే ఆ లక్షలమందిలో చాలామందికి కొట్టే ఉండేది కాదు. మారిస్ కొట్లో కొనలేని మనుషులు ఎట్సీలో కొన్నారు, అది చిన్న విషయం కాదు. నాకు అర్థమైంది ఏంటంటే, సంత పెరిగేకొద్దీ లాభపడేవాడికే "చేత్తో చేసినది" అన్న ముద్రకి కాపలా అప్పజెప్పకూడదు. మంచివాడైనా సరే. డికర్సన్ మంచివాడే, నిబంధన మారింది ఆయన ఉండగానే. ముద్ర ఒకరి చేతిలో, ఆశీలు ఇంకొకరి చేతిలో ఉండాలి. కనీసం ఆశీలు పెంచేముందు కట్టేవాళ్ళకి ఓటుండాలి.

ఈలోగా మన చేతిలో ఉన్నది చిన్నదే. ఎక్కడైనా చేతిపని వస్తువు నచ్చితే, ఆ మనిషికి సొంతంగా కొట్టో ఫోన్ నంబరో ఉందేమో చూసి నేరుగా కొనండి. ర్యాంకింగ్ కోడు రాసేవాళ్ళయితే, మీ తర్వాతి రిలీజ్ నోట్సులో "సెర్చ్ మెరుగుపరిచాం" అని వదిలెయ్యకుండా ఏం మారిందో రెండు లైన్లు రాయండి. అవతల ఒకావిడ ఆర్డర్లు ఎందుకు ఆగిపోయాయో తెలీక, తను అల్లిన టోపీలోనే ఏదో లోపముందేమో అని చూసుకుంటూ ఉండొచ్చు.